బెత్తెడు సందు

చీమకుర్తి రోడ్డు మీద మా కాటా.
గ్రానైటు లారీ ఎక్కినప్పుడల్లా
ముందు గది కిటికీ అద్దం వణుకుతుంది,
ఆ తర్వాత అంకె నిలబడుతుంది.
నలభై రెండు టన్నుల మూడొందల అరవై.
చీటీ చింపి ఇస్తాను.
ఆరేళ్లుగా ఇదే చెయ్యి, ఇదే చీటీ.

రాత్రి పదకొండు దాటి లారీలు పలచబడ్డాక
నా కారు ఎక్కిస్తాను.
ఎర్రది. నాది మూడో చెయ్యి. టర్బో బండి.
ముందు చక్రాలు మాత్రమే పెడితే ఏడొందల పది,
వెనకవి మాత్రమే అయితే నాలుగొందల ముప్పై.
కొండల్ని తూచే కాటా దీన్ని చూసి
చిన్నబుచ్చుకుంటుందేమోనని
గబగబా దిగిపోతాను.
స్ప్రింగులు కొనేవాళ్లకి బరువు తెలియాలి కదా.

టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య బెత్తెడు సందు.
నాలుగు వేళ్లూ దూరిపోతాయి.
కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని
బురద దాటుతున్న మనిషిలా ఉంటుంది బండి.
ఎక్కడా బురద లేకపోయినా.

ఒంగోల్లో కర్నూలు రోడ్డున కాలేషా షెడ్డు.
"నలభై మిల్లీమీటర్లు దించాలి" అన్నాను.
ఆయన మాట్లాడలేదు.
బానెట్టు మూల మీద రెండు అరచేతులూ ఆనించి
ఒంటి బరువంతా వేసి నొక్కి
వదిలేశాడు.
బండి లేచింది, కూర్చుంది, లేచింది,
ఇంకోసారి సగం లేచి ఆలోచించుకుంది.
"చూశావా, ఇంకా ఊగతానే ఉండాది.
షాకబ్జర్లు అయిపోయినయ్యి.
నువ్వేమో స్ప్రింగుల గురించి అడగతుండావు."

టీ గ్లాసు మీద నల్లటి వేలిముద్రలు.
"స్ప్రింగుకి పగ పట్టటమే తెలుసమ్మాయ్.
ఎంత నొక్కితే అంత.
ఆ పగని దించేది షాకబ్జరు.
పొట్టి స్ప్రింగు గట్టిగా ఉంటది.
దాన్ని తీసకపోయి ఈ పాతదాని మీద పెట్టావంటే
ముసలోడి చేతికి కోడెదూడ పలుపు ఇచ్చినట్టే."

తర్వాతి ఆదివారం తెల్లారకముందే
టేపు పట్టుకుని రోడ్డు కొలిచాను.
ఒంగోలు దాకా పందొమ్మిది స్పీడ్ బ్రేకర్లు.
బడి దగ్గరది ఐదున్నర అంగుళాలు.
సంతనూతలపాడు దాటాక ఎవరో సొంతంగా పోసుకున్నది
ఆరు దాటింది,
సిమెంటులో కుక్క అడుగులు కూడా ఉన్నాయి.
లారీలు తొక్కీ తొక్కీ
తారు రెండు కాలవలుగా కుంగి
మధ్యన గట్టు లేచింది.
దాని ఎత్తు లారీలకి అక్కర్లేదు.

పాలబండి ఆయన ఆగి
"రోడ్డేస్తారా మేడమ్?" అన్నాడు.
ఎంత ఆశగా అన్నాడో.
"కాదండీ, కారు దించుకుంటున్నా."
ఆయనకి అర్థం కాలేదు.
టేపు చుట్టుకుంటుంటే
నాకూ ఆ కాసేపు అర్థం కాలేదు.

కాయిలోవర్లు లక్షా పాతిక.
ఎత్తు మనమే తిప్పి పెట్టుకోవచ్చు,
నాలుగు రోజులకోసారి మనసు మార్చుకోవచ్చు.
నాకు మనసు మార్చుకునే తీరిక లేదు.
చిట్టీ పాడిన డబ్బుతో ముందు షాకబ్జర్లు కొన్నాను, పసుపురంగువి,
మిగిలినదానితో వాటికి జత కుదిరే స్ప్రింగులు.
పాతిక మిల్లీమీటర్లు, అంతే.

బిగించే రోజు కాలేషా
స్ప్రింగుని కంప్రెసర్లో పెట్టి తిప్పుతూ
ఎవర్నీ ఎదురుగా నిలబడనివ్వలేదు.
ఆయన కనుబొమని రెండుగా చీల్చిన మచ్చ గురించి
అడగబోయి ఊరుకున్నాను.
పాత స్ప్రింగులు షెడ్డు మూల నిలబెట్టాడు.
బరువు దిగిన తర్వాత అవి ఎంత పొడుగ్గా ఉన్నాయో.

సందు ఇప్పుడు రెండున్నర వేళ్లు.
దూరం నుంచి చూసేవాళ్లకి తేడా తెలియదు.
మా కాటా కుర్రాడు బాజీకి తెలియలేదు,
"ఏం మార్చావక్కా, హారనా?" అన్నాడు.

కుక్క అడుగుల స్పీడ్ బ్రేకరు దగ్గర
ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రమే ఎక్కించాను.
కింద ఏదీ గీసుకోలేదు.
దిగాక బండి ఒక్కసారి ఊపిరి వదిలి
దాని దారిన అది పోయింది.
త్రోవగుంట మలుపులో స్టీరింగు తిప్పితే
ఒళ్లు వెనకపడకుండా నాతోనే తిరిగింది.
గుంటలు మాత్రం ఇదివరకటి కంటే బాగా తెలుస్తున్నాయి.
నడుముకి తెలుస్తున్నాయి. అబద్ధం ఎందుకు.

ఆ రాత్రి మళ్లీ కాటా ఎక్కించాను.
ఏడొందల పది. అదే బరువు.
ఇదివరకైతే అంకె
ఏడొందల ఇరవై, ఏడొందలు, మళ్లీ ఇరవై అని
కాసేపు తచ్చాడేది.
ఇప్పుడు బ్రేకు వేయగానే నిలబడిపోయింది.
దాన్నే చూస్తూ కూర్చున్నాను,
వెనక లారీ వచ్చి హారన్ కొట్టేదాకా.